అల్‌బిరూని సంస్కృత విద్యావ్యాసంగము

భారతీయశాస్త్రములను పరదేశీయులు పరిశీలించిన చరిత్ర పదునెనిమిదవ శతాబ్దిలో ఐరోపావారితో ఆరంభమైనదని మనవారు తరచు వ్రాయుచుందురు. అంతకు ఏడు వందల యేండ్లకు పూర్వమే అరబ్బీభాషలో ఆ పని జరిగినది. చేసినవాడు అబూ రైహాన్ అల్‌బిరూని. ఇస్లామీయ చరిత్రను పైతరగతులలో చదువువారు ఈతని పేరెరుగుదురు. సంస్కృతవిద్యార్థులకే ఈతడు అపరిచితుడు.

ఈతడు 973లో ఖ్వారజ్మ్ దేశమున, నేటి ఉజ్బెకిస్తాన్ ప్రాంతమున జన్మించెను. గణిత జ్యోతిశ్శాస్త్రములను బాల్యముననే అభ్యసించి, ఇరువది యేడేండ్ల ప్రాయమునాటికే వివిధజాతుల కాలగణనములను గూర్చి ఉద్గ్రంథమును రచించెను. 1017లో గజనీ మహమ్మూదు ఖ్వారజ్మును జయించి, అచటి పండితులతోపాటు ఈతనిని గజనీకి కొనిపోయెను. బందీగానో ఆశ్రితుడుగానో నిశ్చయించుట కష్టము.

అప్పటికి ఆతనికి నలుబది నాలుగేండ్లు. ఆ వయస్సున వర్ణమాల మొదలుకొని సంస్కృతమునకు ఉపక్రమించెను. మనము ఎనిమిదవయేట శబ్దమంజరితో ఆరంభించిన వారము, ఆ శ్రమ ఎట్టిదో ఊహింపగలము. ఒక్క వస్తువునకు అనేక నామములు, ఒక్క నామమునకు అనేకార్థములు, అరబ్బీ లిపికి లొంగని ధ్వనులు, లేఖకుల ప్రమాదములు, శాస్త్రమంతయు పద్యబద్ధమై యుండుట - ఈ క్లేశములన్నిటిని ఆతడే చెప్పుకొన్నాడు. గ్రంథసంపాదనకు ధనమును లెక్కచేయలేదు. పండితులను దూరదేశములనుండి రప్పించుకొనెను. మన జ్యోతిర్విదుల యెదుట మొదట శిష్యునివలె కూర్చుండెను. గణితోపపత్తులను తానే వివరింప నారంభించిన పిమ్మట వారు ఆశ్చర్యపడి, ఈతని గురువెవరని ప్రశ్నించిరట.

సాంఖ్యగ్రంథమొకటి, పాతంజలయోగము ఆతనిచే అరబ్బీలోనికి పరివర్తితములైనవి. యోగానువాదము ఇస్తాంబుల్ ప్రతినుండి 1956లో ముద్రితమైనది. అందు సూత్రములును వ్యాఖ్యయు కలసి ప్రశ్నోత్తరరూపమును దాల్చినవి. ఆతని ముందున్న వ్యాఖ్య యేదో విద్వాంసులు ఇంకను చర్చించుచునే యున్నారు. యోగశాస్త్రమున పరిశ్రమించినవారు మనలో పలువురు కలరు. వ్యాసభాష్యముతో దానిని పోల్చి చూచుట వారికి తగిన పని.

1030 ప్రాంతమున ముగిసిన భారతదేశవిషయక గ్రంథము ఎనుబది అధ్యాయములు గలది. ఖండనమునకు గాక, ఉన్నది ఉన్నట్లు నివేదించుటకే వ్రాయుచున్నానని ఆతడు పీఠికలో స్పష్టపరచెను. మహమ్మూదు దండయాత్రలవలన దేశసమృద్ధి నశించి, విద్యలు కాశ్మీర వారణాసులకు తరలిపోయినవని గజనీలోనే కూర్చుండి వ్రాసెను. ప్రభువు మతము తన మతమే యైనను ఆ మాట దాచలేదు.

మనలను గూర్చియు అట్లే వ్రాసెను. మన పండితులు గర్విష్ఠులనియు, విద్యను ఇతరులకీయరనియు నిందించెను. ఈ ఘట్టమును మనవారు సాధారణముగా విడిచి పోవుదురు. విడువరాదు. గ్రహణమునకు కారణము ఛాయయే యని యెరిగియు బ్రహ్మగుప్తుడు రాహువును సమర్థించుటను ఆతడు తీవ్రముగా అధిక్షేపించెను. అంతటితో ఆగక, సోక్రటీసుకు పట్టిన గతి తనకు పట్టునను భయమే అందుకు హేతువై యుండునని, తనకు నాలుగు శతాబ్దుల వెనుకటివాడగు ఆ మహాగణితజ్ఞునియెడ జాలి చూపెను. నిందించిన విమర్శకుడే హేతువును వెదకుట అరుదు.

ఆతడు ప్రత్యక్షముగా చూచినది పంజాబు, పెషావరు, ముల్తాను ప్రాంతములే. వింధ్యకు దక్షిణమునకు రాలేదు. జీలం ప్రాంతమునందలి నందనదుర్గమున పర్వతోన్నతిని, దిగంతపు వాలును కొలిచి భూవ్యాసార్ధమును గణించెను. యూక్లిడు, టాలెమీ గ్రంథములను సంస్కృతశ్లోకములుగా మార్చుచున్నట్లు చెప్పెను. అవి దొరకలేదు. దొరకిన నాడు మన ఛందోవేత్తలకు వినోదమగును.

ఆతని నిర్యాణము 1048లోననియు, 1050 ప్రాంతముననియు మతభేదము కలదు. యాకూత్ అను చరిత్రకారుడు ఒక కథ చెప్పెను. కడపటి ఘడియలలో చూడవచ్చిన ధర్మశాస్త్రవేత్తను అల్‌బిరూని దాయభాగవిషయమున ఒక సందేహమడిగెనట. ఈ స్థితిలోనా యని ఆతడు జంకగా, తెలియక పోవుటకంటె తెలిసి పోవుట మేలు గదా యని బదులిచ్చెనట. వచ్చినవాడు వివరించెను, రోగి దానిని తిరిగి అప్పగించెను. ఆ పండితుడు వీధిలో నడచుచుండగనే యింటినుండి రోదనధ్వని వినవచ్చెను.