ఫుట్‌బాల్ పంతులు గారు రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిలో పంతులు అయ్యారు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి ఆట నేర్పారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

1950లో ఆయన భారత జట్టుకి కోచ్ అయ్యారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మనకి బంగారు పతకం వచ్చింది. కానీ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1 తో ఓడించింది. అక్కడ చలి. మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు.

రహీం గారు ఊరుకోలేదు. కొత్త కుర్రాళ్లని వెతికారు. వాటంలేని కాలితోనే తన్నాలని పోటీలు పెట్టారు. అలా రెండు కాళ్లకీ ఆట వచ్చింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఉండే తులసీదాస్ బలరాం పేదపిల్లాడు. గ్రౌండుకి రావడానికి సైకిలు అద్దె డబ్బులు ఆయనే ఇచ్చేవారు. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. అక్కడ మన జట్టు ఆస్ట్రేలియాని 4-2 తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మీద ఓడిపోయాం. ఫైనల్లో మళ్లీ వాళ్లే ఎదురయ్యారు. చూసే జనం మనవాళ్లని గేలి చేశారు. తలకి కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ని రహీం గారు ముందు వరసలో ఆడించారు. అతను గోల్ కొట్టాడు. 2-1 తో గెలిచాం.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఆయన క్యాన్సర్‌తో చనిపోయారు. 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి బంగారం రాలేదు.

మనలో బూట్లు లేనివాళ్లం చాలామందిమి ఉన్నాం. అయినా వాటంలేని కాలితో తన్నడం ఈ సాయంత్రం నుంచే నేర్చుకోవచ్చు. దానికి డబ్బులు అక్కర్లేదు.