గోలకొండ చెరలో గోపన్న సాధన

గోదావరీమాత రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల చెంతగా సాగి, కాళేశ్వరమువద్ద ప్రాణహితను కలుపుకొని, దిగువన భద్రగిరి పాదములను కడుగుచున్నది. ఆ భద్రగిరికి పోవు మార్గమున, సింగరేణి గనుల సంస్థకు కేంద్రస్థానమైన కొత్తగూడెమునకు చేరువగా పాల్వంచ యున్నది. పదునేడవ శతాబ్దమున ఆ పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్నయే భక్త రామదాసు.

ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లిలో లింగన్నమంత్రి, కామాంబ దంపతులకు ఆయన జన్మించెను. గోలకొండ ప్రభువైన అబుల్ హసన్ తానీషా కొలువున మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని ప్రసిద్ధి. భద్రగిరిపై పోకల దమ్మక్క యను భక్తురాలు పందిరి వేసి అర్చించుచుండిన సీతారామలక్ష్మణులను దర్శించి గోపన్న మనసు కరగిపోయెను. శిస్తు సొమ్ముతో ఆలయమును నిర్మించి, స్వామికి నగలు చేయించెను. ఆ ధనము ఆరు లక్షల వరహాలని ప్రతీతి. ఎంతటి పుణ్యకార్యమైనను, అనుమతి లేక ఖజానా ధనమును వెచ్చించుట రాజశాసనము దృష్టిలో నేరమే. గోపన్నను గోలకొండ కోటలో బంధించిరి.

పండ్రెండేండ్లు ఆయన ఏకాంతమున కొరడా దెబ్బలకు ఓర్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. రామదాసు బందీఖానాగా పేర్కొనబడు గది నేటికిని కోటలో కలదు. గోడపై మలచిన సీతారామలక్ష్మణ హనుమంతుల మూర్తులు ఆయన చేతి పనియేనని యాత్రికులు నమస్కరింతురు.

చెరసాలలో మనిషిని ముందుగా కూల్చునది గోడ కాదు, తన మనసే. పగ, భయము, నిరాశ దానిని లోలోపల తినివేయును. గోపన్నకు ఇవి కలుగలేదని తలచుట పొరపాటు. ఆయన కీర్తనలలో ఇవన్నియు ఉన్నవి. అయితే వానిని లోపల దాచుకొనక, రామునిముందే పెట్టెను. మొదట వేడుకొనెను. పలుకు రాకున్న, తనకొరకు చెప్పుమని సీతమ్మను ప్రార్థించెను. పిదప కోపించి, ఏ నగ ఎవరికి చేయించితినో, దానికెన్ని వరహాలు పట్టెనో ఒక్కొక్కటిగా లెక్క చెప్పి నిలదీసెను. అంతలోనే సిగ్గుపడి, దెబ్బలకు తాళలేక తిట్టితినని మన్నింపు కోరెను.

ఇందులో గొప్ప సాధన యున్నది. దుఃఖమును రాగతాళములలో నిలుపవలెనన్న ఊపిరి అదుపులో నుండవలెను, మాట తూకముగా రావలెను. ఆ విధముగా క్రోధము కీర్తనయయ్యెను, ఏకాంతము స్వామితో సంభాషణమయ్యెను. ఫిర్యాదు చేయుటకైనను రాముడే దిక్కని నమ్ముట శరణాగతిలోని భాగమే గదా!

తుదకు రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలను పేర్లతో తానీషాకు దర్శనమిచ్చి, బాకీ చెల్లించి రసీదు పొందిరనియు, అంతట ప్రభువు గోపన్నను విడిపించెననియు భక్తుల విశ్వాసము.

కాలగతి విచిత్రమైనది. 1686లో అక్కన్న, మాదన్నలు హతులైరి. 1687లో ఔరంగజేబు సేనలు గోలకొండను పట్టుకొనగా, తానీషా దౌలతాబాదు కోటలో బందీయై అక్కడనే మరణించెను. చెరలో నుంచినవాని రాజ్యము పోయినది. చెరలో నున్నవాని పాట నిలిచినది. త్యాగరాజస్వామి రామదాసును మిక్కిలి గౌరవించెను. శ్రీరామనవమినాడు ప్రభుత్వము తరఫున భద్రాద్రికి ముత్యాల తలంబ్రాలు వచ్చు ఆచారము తానీషా కాలమునాటిదని పెద్దలందురు.

గనిలోనికి దిగు కార్మికుడు తలపై దీపము ధరించి, ఆ వెలుగులో అడుగు వేయును. గోపన్నకు రామనామము అట్టి దీపము. కష్టకాలమున మన గృహములందును నిత్యము కొంతసేపు ఆ నామమును పలుకుదము. మొరయైనను, అలుకయైనను స్వామికే విన్నవింతము. భద్రాద్రి రాముడు మనలను కాపాడుగాక!