సయ్యద్ అబ్దుల్ రహీము

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందును, కొల్లేటి లంక గ్రామములందును పెరిగిన బాలురకు చెడుగుడు ఆట చక్కగా తెలియును. కూతకు పోయినవాడు ఒంటరివాడు. ఎదుటి పక్షమువారు చేతులు కలిపి గొలుసువలె నిలిచి వానిని పట్టుకొందురు. తోడివారు గీత కీవల నిలిచి చూచుచుందురే కాని చేయి అందింపజాలరు. రగ్బీ అను పాశ్చాత్యుల ఆటయందు పద్ధతి వేరు. బంతిని చంకనిడుకొని ఎదిరులలోనికి చొచ్చుకొనిపోవువాని వెనువెంటనే తోడివారు ఇరువురు ముగ్గురు పోవలెను. వాడు నేల గూలినను బంతి తమ పక్షమువారికే దక్కవలెను. ఫుట్‌బాలు ఈ రెండింటికిని నడిమి ఆట. నేర్పువాడు లేనిచో బంతి దొరికిన ప్రతివాడును కూతకు పోయినవానివలె ఒంటరిగా పరుగెత్తి చిక్కుపడును. మన దేశపు ఆటగాండ్రకు ఆ చిక్కు విప్పి చూపినవాడు ఒక బడిపంతులు.

సయ్యద్ అబ్దుల్ రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అచ్చటి జట్టులో ఆడి, పిదప కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, తుదివరకును ఆ బాధ్యతను వహించెను. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను. కలకత్తా జట్లదే పైచేయిగా నున్న ఆ దినములలో ఇది సామాన్యమైన విషయము కాదు.

ఆయన బోధనలో ఉపాధ్యాయుని చేయి కానవచ్చును. బంతిని కాలివద్దనే త్రిప్పుకొనుచు తన నేర్పును ప్రదర్శించుట మనవారికి మిక్కిలి ప్రీతి. ఆ అలవాటు మాన్పుటకై రహీము ఉపన్యాసము లిచ్చుటకు మారుగా పందెములు పెట్టెను. కొన్ని పందెములలో బంతిని వెంటబెట్టుకొని పరుగెత్తరాదు, అందిన వెంటనే తోడివానికి పంపవలెను. మరికొన్నింటిలో అలవాటులేని కాలితోనే తన్నవలెను. ఈ నియమము వలన రెండు ఫలములు కలిగెను. బంతి గలవాడు ఎదిరి మీద పడకముందే అది చేయి మారవలసి వచ్చెను. బంతి లేనివాడు ఊరక నిలువక, దానిని అందుకొనదగిన చోటికి తానే పోవలసి వచ్చెను. రెండవదియే కష్టము. కొల్లేటి దోనెలో గడవేయువానిని అందరును చూతురు. రెండవ కొనను కూర్చుండి బరువు సరిచేయువాని నెవరు చూతురు? నా యుద్యోగకాలమున బడి మైదానములలో బంతి లేనప్పుడును పరుగెత్తు బాలుని నేను బహు అరుదుగా చూచితిని.

1951లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీము శిక్షణ పొందిన భారత జట్టు ఇరానును 1–0 గోలుతో ఓడించి స్వర్ణపతకము నందెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఘోరపరాజయము! మనవారిలో పలువురు అప్పటికి వట్టి కాళ్లతోనే ఆడుచుండిరి. ఆ పిదప బూట్లు తప్పనిసరియైనవి. 1956లో మెల్బోర్నునందు ఆస్ట్రేలియాను 4–2 గోలులతో గెలిచి మన జట్టు నాలుగవ స్థానము పొందెను. ఆ జట్టులో హైదరాబాదువారు పలువురుండిరి. 1960లో రోమునందు ఫ్రాన్సుతో ఆట 1–1గా ముగిసెను.

1962లో జకార్తాకు పోవునాటికి రహీము ఆరోగ్యము క్షీణించుచుండెను. ఆయనకు క్యాన్సరు వ్యాధి. తొలి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిరి. పిదప థాయిలాండును, జపానును గెలిచిరి గాని, రక్షణ పంక్తికి ఆయువుపట్టైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. వెనుక నిలిచి బంతిని పదే పదే తలతో కొట్టుట అతనికి ప్రమాదము. మరియొక శిక్షకుడైనచో అతనిని కూర్చుండబెట్టి యుండును. రహీము అతనిని ముందు పంక్తికి మార్చెను. దృఢకాయుడైన జర్నైలు మీదికి ఎదిరులు గుమిగూడుదురనియు, అప్పుడు చుని గోస్వామి, పి. కె. బెనర్జీ, బలరాములకు చోటు చిక్కుననియు ఆయన లెక్క కాబోలు. గాయపడినవానిని ఆడించుట మంచిదేనా యని నాకు నేటికిని సందేహము కలదు. దక్షిణ వియత్నాముపై 3–2 గోలులతో గెలిచిన ఆటలో జర్నైలు ఒక గోలు చేసెను.

అంతలో మరియొక కష్టము వచ్చెను. ఇజ్రాయిలు, తైవాను దేశముల క్రీడాకారులను రానీయకుండుటను భారత ప్రతినిధి సోంధి నిరసించెను. దానికి కుపితులైన జనులు మన రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. సెప్టెంబరు 4వ తేదీన తుది ఆటకు మన జట్టు మైదానమున అడుగుపెట్టునప్పటికి సుమారు లక్షమంది ప్రేక్షకులు ఎగతాళి కేకలు వేయుచుండిరి. ఎదుట నున్నది మరల దక్షిణ కొరియాయే. జ్వరమునుండి తేరుకొనిన తంగరాజు గోలు కాచెను. బెనర్జీ ఒకటి, కొలది నిమిషములలో జర్నైలు ఒకటి, రెండు గోలులు చేసిరి. చివరలో కొరియా ఒకటి తీర్చెను. భారతదేశము 2–1తో గెలిచెను.

రహీము కుమారుడు హకీము 1960 ఒలింపిక్సునకు పోయిన జట్టులో నుండెను. తండ్రి మాత్రము మరియొక ఒలింపిక్సును చూడలేదు. జకార్తా విజయమునకు తొమ్మిది నెలల పిదప, 1963 జూన్ 11వ తేదీన, ఏబది నాల్గవ యేట ఆయన మరణించెను. ఆ నాటి తరువాత 2023 వరకు జరిగిన ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణపతకము మన దేశమునకు రాలేదు.