పూటకూళ్ళ యింటి బిడ్డ: ఆంధ్రకేసరి బాల్యము

ఆంధ్రకేసరి యను మాట వినినంతనే, 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘ బహిష్కార సందర్భమున మద్రాసు వీథిలో పోలీసు తుపాకుల యెదుట రొమ్ము విప్పి నిలిచిన మూర్తి కన్నులకు గట్టును. ఆ దృశ్యము తెలుగు పిల్లలందరకును తెలిసినదే. కాని ఆ ధైర్యము ఏ వంటయింట పెరిగినదో తెలిసికొనిననాడు గాని టంగుటూరి ప్రకాశము పంతులుగారి జీవితము మనకు పూర్తిగా బోధపడదు.

ప్రకాశము 1872వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీన, ఒంగోలు సమీపమున నున్న వినోదరాయునిపాలెమను చిన్న గ్రామములో, నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో చేరియుండెను. తూర్పున సముద్రము, దాని కీవల వానను నమ్ముకొన్న మెట్టపొలములు, ఆ పొలములను దున్ను బలిష్ఠములైన ఒంగోలు ఎడ్లు, ఇదియే ఆ సీమ. వాన కురిసిన యేడు అన్నము, కురియని యేడు పస్తు. ప్రకాశమునకు నాలుగేండ్ల ప్రాయమున, 1876లో ఆరంభమైన ధాతు కరువు రెండేండ్లపాటు చెన్నరాజధానిని పీల్చి పిప్పి చేసెను. లక్షలమంది మరణించిరి. ఆకలిగొన్న కూలీలకు పని కల్పించుటకై నాటి ప్రభుత్వము బకింగుహాము కాలువ త్రవ్వకమును సాగించెను. అట్టి కాలమున అట్టి పల్లెలలో పెరిగిన బాలునకు అన్నము విలువ మరియొకరు చెప్పనక్కర లేదు.

పదునొకండవ యేట తండ్రి గతించుటతో ఆ కుటుంబము నిరాధారమయ్యెను. ఆనాటి వితంతువు ముందు సాధారణముగా నున్న మార్గ మొక్కటే: బంధువుల పంచన చేరి, వారు పెట్టినది తిని, వారు అన్నమాట పడుట. సుబ్బమ్మగారు దాని కొప్పుకొనలేదు. ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పోషించిరి. పొద్దు పొడువకముందే పొయ్యి రాజవేసి, పరాయివారి విస్తళ్ళలో వడ్డించి, పూటకింత యని పుచ్చుకొను బ్రదుకది. అన్నము నమ్ముకొనుట అప్రతిష్ఠయని తలచు కాలము. నలుగురును చులకనగా జూచు ఆ వృత్తిని ఆమె తన బిడ్డల చదువుకొరకు తలకెత్తుకొనిరి.

బాలుడు మాత్రము బుద్ధిమంతుడై పుస్తకము పట్టుకొని కూర్చుండిన వాడు కాడు. అల్లరి మూకలతో తిరుగుట, జగడములాడుట, నాటకముల వెంట పడుట, వీనియందే మక్కువ. ఆ చెలరేగిన ప్రవాహమునకు గట్టు వేసినవారు ఉపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. ఆయన నాటకప్రియులు. ప్రకాశము వారి ప్రోత్సాహమున రంగస్థలమెక్కి స్త్రీ పాత్రలను ధరించెను. వేలాది జనులను ఊగించిన తరువాతి కాలపు కంఠమునకు మొదటి సాధన అక్కడనే జరిగినదనుట తప్పు కాదు.

ఆ దినములలోనే పరీక్షకు మూడు రూపాయల రుసుము కట్టవలసివచ్చెను. మూడు రూపాయలు! ఇంటిలో లేవు, బంధువుల నడిగిన లభింపలేదు. గడువు దగ్గరపడెను. కడకు సుబ్బమ్మగారు తన పట్టుచీరను తాకట్టు పెట్టి ఆ రుసుము చెల్లించిరి. పూటకూళ్ళ యింట మిగులు ధనమనునది యెంత స్వల్పమో ఆ మూడు రూపాయలే చెప్పును. ఆ చీర యింటిలోనే యుండియున్నచో ఆంధ్రదేశ చరిత్రలో ఒక అధ్యాయమే లేకపోయెడిది.

పిమ్మట నాయుడుగారు రాజమహేంద్రవరమునకు తరలుచు, మెరుగైన చదువు దొరకునని శిష్యుని వెంట గొనిపోయిరి. అక్కడను దారి నునుపు కాలేదు. ప్రకాశము మెట్రిక్యులేషను పరీక్షలో ఒకమారు తప్పెను. అయినను వెనుదీయక మద్రాసు వెళ్ళి చదివి, రెండవ తరగతి ప్లీడరై రాజమహేంద్రవరమునకు మరలి వచ్చి పేరు గడించెను. 1904లో పురపాలక సంఘాధ్యక్షుడయ్యెను. ప్లీడరునకు హైకోర్టులో వాదించు నర్హత లేదు గనుక బారిష్టరు చదువుకై అదే సంవత్సరము ఇంగ్లండు ప్రయాణమయ్యెను. మద్యమాంసములును పొగాకును ముట్టనని తల్లికి మాట యిచ్చి ఓడ యెక్కెను. 1907లో బారిష్టరై స్వదేశమునకు వచ్చెను.

మద్రాసులో పంతులుగారికి ధనము వరదవలె వచ్చినది. 1921లో గాంధీమహాత్ముని పిలుపు విని ఆ వృత్తిని విడిచి, స్వరాజ్య పత్రికను స్థాపించి, గడించిన ధనమంతయు దేశముపాలు చేసిరి. లేమిని పుట్టినప్పటినుండి చూచినవానికి లేమి యన్న భయముండదు. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికై వారు ఢిల్లీకి వచ్చిరి. 1927 జనవరిలో ప్రారంభమై, నేడు సంవిధాన సదనమని పిలువబడుచున్న ఆ గుండ్రని భవనమున వారు సభ్యులై కూర్చుండిరి. అక్కడనే సమావేశమైన రాజ్యాంగ నిర్మాణ సభయందును వారికి స్థానము దక్కెను.

పదవులు పల్లెను మరపింపలేదు. 1937లో మద్రాసు రాష్ట్ర రెవిన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షత వహించి, దున్ను రైతే భూమికి హక్కుదారుడని నివేదికలో నిర్ధారించిరి. వానకొరకు ఆకసము వంక చూచు రైతు మొగము చిన్ననాడే యెరిగినవారికి ఆ నిర్ణయము వింత కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రులైరి. 1957 మే 20వ తేదీన హైదరాబాదులో పరమపదించు నాటికి వారు ఆస్తియన దగినది కూడబెట్టుకొనలేదు. 1972లో ఒంగోలు జిల్లాకు వారి పేరే పెట్టబడినది.

ఇన్నింటిలో నొక విషయము రాజధానియందు ఉద్యోగములు చేయు మనవారు ప్రత్యేకముగ గమనింపదగినది. అంత పదవి యెక్కిన పంతులుగారు తల్లి పూటకూళ్ళ యింటిని ఏనాడును దాచలేదు. నా జీవిత యాత్ర యను స్వీయచరిత్రలో దానిని నిస్సంకోచముగ లోకమునకు చెప్పుకొనిరి. మనలో పెక్కుమంది వెనుకను ఒక పల్లెయు, తాకట్టుకు వెళ్ళిన ఒక నగయో చీరయో యుండును. ఢిల్లీలో పుట్టి పెరుగుచున్న మన పిల్లలకు ఆ సంగతి చెప్పుటకు సిగ్గుపడనక్కర లేదు. ఆ కథ విననిచో తమ చదువుకు వెల చెల్లించిన దెవరో వారికి తెలియదు.