మీసాల అమ్మ బాలమందిరం: గిజుభాయి బధేకా జీవితం

1920 ఆగస్టు 1న సౌరాష్ట్ర ప్రాంతంలోని భావ్‌నగర్‌లో ఆరేళ్లు నిండని పిల్లల కోసం ఒక బడి ప్రారంభమైంది. దానికి బాలమందిరం అని పేరు పెట్టారు. అందులో బెత్తం లేదు. పరీక్షలు లేవు. బాగా నేర్చిన వారికి బహుమతులు కూడా లేవు. పిల్లలు పాటలు పాడేవారు, మట్టితో బొమ్మలు చేసేవారు, మొక్కలకు నీళ్లు పోసేవారు, కథలు వినేవారు. బడి అంటే ఎక్కాలు వల్లించే గొంతుల హోరు అని ఎరిగిన కాలమది. పిల్లలు ఆడుకోవడానికి బడి దేనికి, ఇంటి ముందు వాకిలి చాలదా అని ఎవరైనా అడిగితే అందులో ఆశ్చర్యపడవలసింది లేదు. గిజుభాయి బధేకా తన జీవితంలో మిగిలిన 19 ఏళ్లనూ ఆ ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పడానికే వెచ్చించారు.

ఆయన అసలు పేరు గిరిజాశంకర్. 1885 నవంబరు 15న సౌరాష్ట్రలోని చితల్ గ్రామంలో జన్మించారు. తండ్రి భగవాన్‌జీ, తల్లి కాశీబా. బెత్తమే బోధనగా సాగిన నాటి బడులలోనే ఆయన చదువుకున్నారు. 1907లో పొట్ట చేతపట్టుకుని తూర్పు ఆఫ్రికాకు వెళ్లి, ఒక న్యాయవాది వద్ద పనిచేసి, రెండేళ్లకు తిరిగి వచ్చారు. బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి, వఢవాణ్‌లో వకీలుగా స్థిరపడ్డారు. జీవితం అదే దారిలో సాగి ఉంటే, కక్షిదారుల మధ్య కాలం గడిపిన ఒక మర్యాదస్థుడైన ప్లీడరుగా ఆయన ఆ ఊరికి మాత్రమే గుర్తుండేవారు.

1913లో కుమారుడు నరేంద్ర పుట్టాడు. తాను చదివిన బడికే కొడుకును పంపాలన్న ఆలోచన గిజుభాయిని కలవరపెట్టింది. మేలైన బడి కోసం వెతుకుతూ, మిత్రుల సలహాపై ఖేడా జిల్లాలోని వసో గ్రామానికి వెళ్లి, విద్యాసేవకుడు మోతీభాయి అమీన్‌ను కలిశారు. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి పిల్లలతో చేస్తున్న ప్రయోగాలను వివరించే పుస్తకాలు అక్కడ ఆయన చేతికి వచ్చాయి. ఒక తండ్రి బెంగ ఆ విధంగా ఒక వృత్తి మార్పునకు దారి తీసింది.

భావ్‌నగర్‌లో నానాభాయి భట్ 1910లో నెలకొల్పిన దక్షిణామూర్తి విద్యార్థి భవనంలో గిజుభాయి 1916లో చేరారు. మౌనంగానే బోధించే గురువు పేరును ధరించిన సంస్థ అది. ముందుగా పెద్ద పిల్లల ఉన్నత పాఠశాల బాధ్యతను చూశారు. కొద్ది ఏళ్లలోనే ఆయనకు ఒక సంగతి స్పష్టమైంది. ఆ వయసుకు వచ్చేసరికి పిల్లలలో భయమూ, అనుకరణా, మార్కుల కోసం చదివే అలవాటూ గట్టిపడిపోతున్నాయి. సరిదిద్దడం కంటే మొదటినుంచీ చెడగొట్టకుండా ఉండడమే తేలిక అని భావించి, హైస్కూలు ఆచార్య పదవి నుంచి పసిపిల్లల వద్దకు వచ్చారు. నేటి కొలతలతో చూస్తే అది పదోన్నతి కాదు. 1922లో బాలమందిరం తఖ్తేశ్వర్ ఆలయ సమీపంలోని గుట్టపై కొత్త భవనంలోకి మారింది. ఆ భవనాన్ని కస్తూర్బా గాంధీ ప్రారంభించారు.

బాలమందిరంలో ఆట అంటే పిల్లలను వారి మానాన వదిలివేయడం కాదు. మాంటిస్సోరి పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాలు ఉంటాయి. బిడ్డ వాటిపై వేలు నడుపుతూ ఆకారాన్ని స్పర్శతో గ్రహిస్తాడు. చేతికి ఆకారం తెలిసిన తరువాత రాత వస్తుంది, రాత వెనుకనే చదువు వస్తుంది. గిజుభాయి దానిని గుజరాతీ లిపికి అన్వయించారు. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దించిన మన వీధిబడులను ఎరిగిన వారికి ఇది పూర్తిగా కొత్త విషయం కాదు. తేడా ఒక్కటే. వీధిబడిలో అయ్యవారు బిడ్డ వేలు పట్టుకుని, తాను నిర్ణయించిన రోజున దిద్దించేవారు. బాలమందిరంలో ఏ రోజు ఏ అక్షరాన్ని తాకాలో బిడ్డే నిర్ణయించుకునేవాడు. ఉపాధ్యాయుని పని వస్తువులను సిద్ధం చేసి ఉంచడం, గమనించడం, అవసరం లేని చోట నోరు మెదపకుండా ఉండడం. చేసి చూసిన వారికే తెలుస్తుంది, అన్నిటికంటే కష్టమైనది ఆ చివరి పని.

అయితే గిజుభాయి మాంటిస్సోరికి గుడ్డి అనుచరుడు కారు. పసివయసులో రాకుమారుల కథలు, మాయల కథలు బిడ్డను వాస్తవానికి దూరం చేస్తాయని ఆమె అభిప్రాయం. గిజుభాయి ఇక్కడే ఆమెతో విడిపోయారు. కథను ఆయన తన బడికి కేంద్రం చేశారు. జానపద కథలను సేకరించి, పిల్లల నోటికి అందే చిన్న మాటలలో తిరిగి రాశారు. రాజు ఎన్ని శిక్షలు వేసినా సంతోషంగా పాడుకునే కాకి కథ నేటికీ గుజరాతీ ఇళ్లలో వినిపిస్తుంది. కథ చెప్పే విధానంపైనే ఆయన ఒక శాస్త్ర గ్రంథం రాశారు. బాలసాహిత్యం, విద్య విషయాలపై ఆయన రచనలు 200 దాటుతాయి. గుబురు మీసాల ఈ మాస్టారుకు గుజరాత్ ప్రజలు మూఛాళీ మా, అనగా మీసాల అమ్మ, అని పేరు పెట్టుకున్నారు.

ఆయన పేరును గుజరాత్ ఎల్లలు దాటించినది 1930ల తొలినాళ్లలో వెలువడిన దివాస్వప్న. పగటికల పేరుతో తెలుగులోకి వచ్చి, ఇక్కడి ఉపాధ్యాయుల చేతులలోనూ నలిగిన పుస్తకమది. అందులోని తరగతి నాలుగవది, పిల్లలు పెద్దవారు. అయినా అది బాలమందిరం అనుభవం నుంచి పుట్టిన కథే. లక్ష్మీరామ్ అనే ఉపాధ్యాయుడు విద్యాధికారి అనుమతితో ఒక ఏడాది ప్రయోగం చేయడానికి ఒక మామూలు సర్కారీ బడికి వెళతాడు. పుస్తకాలలో చదివిన నిశ్శబ్ద క్రీడను మొదటి రోజే ఆడించబోతాడు. పిల్లలు నిశ్శబ్దంగా ఉండకపోగా గదిని సంతగా మార్చివేస్తారు. చేసేది లేక వారిని ఇళ్లకు పంపించి, అధికారి చేత చీవాట్లు తింటాడు. మర్నాడు కథ మొదలుపెట్టగానే అదే పిల్లలు కదలకుండా కూర్చుంటారు.

విద్యపై రాసిన పుస్తకాలలో రచయిత తన పక్షపు వీరుడిని మొదటి రోజే ఓడించడం అరుదు. పుస్తకంలో నేర్చిన పద్ధతి పిల్లల ముందు నిలవకపోవచ్చునని గిజుభాయికి తెలుసు. ఆయన ఆటకు వ్యతిరేకంగా నిలిచిన వాదాలను కూడా దాచలేదు. పాఠ్యప్రణాళిక ఎప్పుడు పూర్తవుతుంది, పరీక్షలో ఏం రాస్తారు అని సహోపాధ్యాయులు లక్ష్మీరామ్‌ను అడుగుతూనే ఉంటారు. అతడు వాటిని తోసిపుచ్చడు. కథల నుంచి చదవడానికీ, ఆటల నుంచి వ్యాకరణానికీ దారి వేస్తాడు. ఏడాది చివర పిల్లలు ఏం నేర్చారో చూపించే బాధ్యతను కూడా తీసుకుంటాడు.

ఉపాధ్యాయుల కంటే తల్లిదండ్రులను ఒప్పించడం కష్టమని ఆయన గ్రహించారు. తల్లిదండ్రులు కావడం కష్టం అనే అర్థం వచ్చే పేరుతో వారి కోసమే ఒక పుస్తకం రాశారు. ఆ కష్టం నేటికీ తగ్గలేదు. మూడేళ్ల బిడ్డ మునివేళ్లతో పెన్సిలు పట్టలేక ఏడుస్తున్నా, పక్కింటి బిడ్డ ఇంగ్లిషు అక్షరాలన్నీ రాస్తున్నదన్న భయం ఎల్‌కేజీ ఇంటిపనిని ఆగనివ్వదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటల ద్వారా, చేతిపనుల ద్వారా నేర్పాలని నిర్దేశించింది. భావ్‌నగర్‌లో ఆ పని మొదలై అప్పటికి సరిగ్గా నూరేళ్లు.

1923లో తారాబాయి మోదక్ బాలమందిరంలో చేరారు. 1925లో ఉపాధ్యాయ శిక్షణకు అధ్యాపన మందిరం ప్రారంభమైంది. మరుసటి ఏడాది నూతన బాల శిక్షణ సంఘం ఏర్పడింది. శిక్షణ పత్రిక ద్వారా వారి ఆలోచనలు గుజరాత్ అంతటికీ చేరాయి. అయితే ఒక లోటును చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. మాంటిస్సోరి సామగ్రి ఖరీదైనది. బాలమందిరం వంటి బడులు ప్రధానంగా పట్టణాలలోని చదువుకున్న కుటుంబాలకే అందుబాటులో ఉండేవి. పొలం పనులకు, పశువుల వెంట వెళ్లే పిల్లల సంగతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది.

గిజుభాయి 1936లో దక్షిణామూర్తి సంస్థను విడిచిపెట్టారు. ఆ తరువాత రాజ్‌కోట్‌లో మరో అధ్యాపన మందిరాన్ని నెలకొల్పారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతిన్నది. 1939 జూన్ 23న బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఆ ఏడాది నవంబరులోనే మాంటిస్సోరి భారతదేశానికి వచ్చి, మద్రాసులోని అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించారు.

మిగిలిన ప్రశ్నను తారాబాయి అందుకున్నారు. 1945లో ఆమె మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో అనుతాయి వాఘ్‌తో కలిసి గ్రామీణ శిశువులకు బడి ప్రారంభించారు. తరువాత ఆదివాసులు నివసించే కోస్‌బాడ్ కొండకు మారారు. ఖరీదైన సామగ్రి స్థానంలో గులకరాళ్లు, ఆకులు, గింజలు, గవ్వలు వచ్చాయి. పిల్లలు బడికి రాకపోతే, బడే వారి ఇంటి ముంగిటికి వెళ్లింది. దానిని వారు అంగన్‌వాడీ అన్నారు. అంగన్ అంటే వాకిలి. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని ప్రారంభించినప్పుడు, దేశమంతటా ఊరూరా వెలసిన కేంద్రాలకు ఆ పేరే స్థిరపడింది.