బొగ్గుట్టకు వచ్చిన దొర: విలియం కింగ్ జీవితం



మన సంచికలో ప్రతిసారీ మన వీరుల జీవితాలు చదువుతున్నాం. ఈసారి మనవాడు కాని ఒకాయన గురించి రాస్తున్నాను. ఇల్లందులో బొగ్గును ఎవరు కనిపెట్టారని అడిగితే పోటీ పరీక్షలకు చదివే పిల్లలందరూ చెప్పే పేరు ఆయనది: విలియం కింగ్. సంవత్సరం 1871. ఆ ఒక్క వాక్యంతో మన చదువు ఆగిపోతుంది. ఆయన ఎక్కడివాడు, ఈ అడవికి ఎందుకు వచ్చాడు, వచ్చి ఏం చేశాడు, ఆయన రాసిన కాగితం వల్ల మన గూడేలకు ఏం జరిగింది అన్నది మనం తెలుసుకోవాలి. ఎందుకో చివర చెబుతాను.

కింగ్ రాళ్లు చదివే ఇంట్లో పుట్టాడు. తండ్రి పేరు కూడా విలియం కింగే. ఆ తండ్రి 1849లో ఐర్లండ్‌లోని గాల్వే కాలేజీలో భూగర్భ శాస్త్ర ఆచార్యుడిగా చేరాడు. జర్మనీలోని నియాండర్ లోయలో 1856లో దొరికిన పాత ఎముకలను పరిశీలించి, అవి నేటి మనిషివి కావు, వేరే మానవ జాతివి అని చెప్పి, దానికి నియాండర్తల్ మానవుడు అన్న శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. ఆ పేరు 1864లో అచ్చయింది. ఈనాటికీ పుస్తకాల్లో అదే పేరు.

కొడుకు కింగ్ 1857లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగానికి చేరాడు. ఆ సంస్థ పుట్టి అప్పటికి ఆరేళ్లే. రైళ్లకూ ఓడలకూ బొగ్గు కావాలి. ఇంగ్లండు నుంచి తెప్పిస్తే ఖర్చు ఎక్కువ. దేశంలోనే ఎక్కడెక్కడ ఉందో వెతకడం ఆ సంస్థకు అప్పగించిన మొదటి పని. కింగ్‌ను మద్రాసు వైపు పంపారు. చలికాలం, ఎండాకాలం గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరగడం, వానలు పడగానే పట్నం చేరి, చూసినదంతా పటాలుగా, నివేదికలుగా రాయడం. ఇదే ఆ ఉద్యోగం. సుత్తి, దిక్సూచి, నోటుపుస్తకం ఆయన పనిముట్లు.

1863లో కింగ్, ఆయన తోటి ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫూట్ కలిసి మద్రాసుకు వాయవ్యంగా ఉన్న అత్తిరంపాక్కం దగ్గర వాగులో తిరుగుతుండగా మనిషి చేత్తో చెక్కిన రాతి గొడ్డళ్లు కనబడ్డాయి. అదే ఏడాది మే నెలలో ఫూట్‌కు పల్లావరంలో అలాంటిదే ఒకటి దొరికింది. ఈ దేశంలో రాతి యుగం మనుషులు బతికారని లోకానికి తెలిసింది ఈ రెండు చోట్ల నుంచే. అత్తిరంపాక్కం పనిముట్లలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్లవని 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. గాల్వేలో తండ్రి ప్రాచీన మానవుడికి పేరు పెడుతున్న రోజుల్లోనే, ఇక్కడ కొడుకు ప్రాచీన మానవుడి పనిముట్లను ఏరుతున్నాడు. చదువు చెప్పిన తండ్రి గాల్వేలో, ఆ చదువును నేల మీద పెట్టి చూసిన కొడుకు మద్రాసు వాగుల్లో!

ఆ తర్వాత కింగ్ కడప, కర్నూలు కొండల్లో ఏళ్ల తరబడి నడిచాడు. 1872లో ఆ ప్రాంతం మీద పెద్ద గ్రంథం అచ్చయింది. అక్కడి రాతి వరుసలకు ఆయన పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అని పేర్లు పెట్టాడు. మన వైపు రాళ్లలో ఒక వరుసకు పాఖాల చెరువు పేరు, ఇంకోదానికి సుల్లవాయి ఊరి పేరు వచ్చాయి. గోదావరి జిల్లా మెట్ట ప్రాంతంలో గొల్లపల్లి, రాఘవాపురం ఊళ్ల పేర్లు కూడా అలాగే రాళ్లకు ఎక్కాయి. దేశంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థి అయినా ఈ తెలుగు పేర్లు నేర్చుకోవాల్సిందే. ఏ వాగు దగ్గర రాయి చక్కగా బయటపడి కనిపిస్తే ఆ వాగు పేరు, ఏ ఊరి పక్కన కనిపిస్తే ఆ ఊరి పేరు. ఆ పేర్లను ఆ ఊళ్లలో బతుకుతున్న జనం ఎప్పుడో పెట్టుకున్నారు. ఆయన వాటిని విని, కాగితం మీదకు ఎక్కించాడు.

ఇక మన కథకు వద్దాం. 1871 నాటికి ఇల్లందు వైపు అంతా నిజాం రాజ్యంలోని అడవి. సింగరేణి అన్నది అందులో ఒక పల్లె. మన పెద్దలు పోడు కొట్టుకుని, జొన్నలు చల్లుకుని, ఇప్పపువ్వు ఏరుకుని బతికే రోజులు. అక్కడ నల్లరాళ్లు పొయ్యిలో మండాయన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. భద్రాచలం యాత్రకు పోయేవాళ్లు దారిలో వంటకు దిగి, దొరికిన నల్లరాళ్లను పొయ్యిరాళ్లుగా పెట్టుకున్నారట. కాసేపటికి ఆ రాళ్లే రాజుకున్నాయట. ఈ మాట ఆ నోటా ఈ నోటా దొరల దాకా చేరిందని అంటారు. కథ ఎలా ఉన్నా, పాతవాళ్లు ఇల్లందును బొగ్గుట్ట అని పిలిచేవాళ్లన్నది మనం మరిచిపోకూడదు.

కింగ్ వచ్చి మండే రాయిని చూసి సంతోషపడి పోలేదు. వాగు ఒడ్డున పొర ఎటు వాలి ఉంది, దాని కింద ఏ రాయి ఉంది, పైన ఏ ఇసుకరాయి కప్పింది అని చూశాడు. కోట్ల ఏళ్ల కిందట చిత్తడి అడవులు కూలి, వాటి మీద ఇసుక, బురద పేరుకుని, బరువుకు నలిగి బొగ్గయ్యాయి. ఆ ఇసుకే ఇప్పుడు ఇసుకరాయి. అందుకే ఆ జాతి ఇసుకరాయి కనిపిస్తే దాని మధ్యలో బొగ్గు ఉండే అవకాశం ఉంది. హైదరాబాదు రాజ్యం ఆగ్నేయ భాగంలో కొత్త బొగ్గు క్షేత్రం ఉందని ఆయన రాసిన చిన్న నివేదిక 1872లో సర్వే సంస్థ పత్రికలో అచ్చయింది. దానికి సింగరేణి బొగ్గు క్షేత్రం అన్న పేరు స్థిరపడింది. ఊరి పేరు కంపెనీకి ఎక్కింది ఇలాగే.

ఆ నివేదిక కొన్నేళ్లు ఊరికే ఉంది. బొగ్గు ఉన్నా దాన్ని మోసుకుపోయే దారి లేదు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని లండన్‌లో పెట్టుబడి పెట్టిన సంస్థకు తవ్వకం హక్కులు దక్కాయి. ఆ హక్కుల అమ్మకం వెనక జరిగిన లావాదేవీల మీద ఎంత గోల లేచిందంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారణ జరిపింది. వాటాలు ఎవరు కొన్నారు, లాభం ఎవరికి పోయింది అని లండన్‌లో వాదించుకున్నారు. ఆ బొగ్గు మీద ఊళ్లు కట్టుకుని ఉన్నవాళ్లను అడగాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికీ రాలేదు. డోర్నకల్ నుంచి రైలు దారి పడింది. 1889లో ఇల్లందు బొగ్గు బయటికి రావడం మొదలైంది.

గుడిసెలు, బారకాసులు, బజారు, బడి, దవాఖానా ఒక్కొక్కటే లేచాయి. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో కూలీలు వచ్చారు. వాళ్లూ పేదలే. చీకట్లో ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్లే. వాళ్ల మీద మనకు కోపం ఉండకూడదు. గని దిగిన మనవాళ్లూ ఉన్నారు. కానీ గనికి ఆసరాగా నిలబెట్టే దుంగల కోసం అడవి నరికారు. పోడు భూమి గుడిసెల కిందకూ, పట్టాల కిందకూ పోయింది. పట్నం పెరిగినకొద్దీ గూడెం వెనక్కి జరిగింది.

ఈ మధ్యలో కింగ్ వేరే చోట్లకు వెళ్లిపోయాడు. 1875లో వయనాడు బంగారు గనుల మీద రాశాడు. తిరువాంకూరు సముద్రతీరంలో వర్కల రాళ్లను పరిశీలించాడు. ప్రాణహిత, గోదావరి లోయ మొత్తం మీద ఆయన పెద్ద గ్రంథం 1881లో వచ్చింది. ఛత్తీస్‌గఢ్ వైపు కూడా పనిచేశాడు. 1887లో సర్వే సంస్థకు డైరెక్టరయ్యాడు. అంటే ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైన రోజున ఆయన ఆ సంస్థ పెద్ద కుర్చీలో ఉన్నాడు. 1894లో పదవీ విరమణ చేశాడు. 1900లో కన్నుమూశాడు. దాదాపు 37 ఏళ్ల ఉద్యోగంలో ఎక్కువ భాగం మన దక్షిణ దేశపు కొండల్లో, అడవుల్లో, గుడారాల్లో గడిచింది. గని కార్మికులకు తెలిసిన బొగ్గు పొరల్లో కింగ్ సీమ్ ఒకటి ఉంది. అది ఆయన పేరు మీదే వచ్చిందంటారు.

ఆయన పోయాక ఇల్లందు కథ చాలా దూరం నడిచింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఏటా ఆ రోజునే సింగరేణి దినోత్సవం జరుపుతారు. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొన్నది. బొగ్గు పని కొత్తగూడెం, బెల్లంపల్లి, రామగుండం వైపు విస్తరించింది. కంపెనీ పెద్ద ఆఫీసు కొత్తగూడెంలో స్థిరపడింది. బొగ్గుకు పుట్టినిల్లు అయిన ఇల్లందులో మాత్రం భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఒకప్పుడు షిఫ్టు కూతకు లేచిన పట్నంలో క్వార్టర్లు బోసిపోయాయి. చుట్టుపక్కల ఓపెన్‌కాస్ట్ తవ్వకాలు వచ్చాయి. వాటిలో ఒకదాని పేరు కోయగూడెం ఓపెన్‌కాస్ట్. ఆ పేరు విన్నప్పుడల్లా మనం ఆలోచించాలి. మన జాతి పేరు ఆ గనికి ఉంది, గూడెం పేరు ఉంది. అక్కడ ముందు ఎవరెవరు ఉన్నారో, వాళ్ల ఇంటిపేర్లేమిటో, ఏ వేల్పును కొలిచారో మీలో ఎంతమందికి తెలుసు?

కింగ్‌ను మంచివాడనాలా, చెడ్డవాడనాలా అని మీరు అడగొచ్చు. ఆయన గని యజమాని కాడు. జీతానికి పనిచేసిన శాస్త్రజ్ఞుడు. కష్టపడి నడిచాడు, జాగ్రత్తగా చూశాడు, చూసింది చూసినట్టు రాశాడు. అందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది. అదే సమయంలో ఆయన రాత ఏ ప్రభుత్వానికి, ఏ కంపెనీలకు ఉపయోగపడిందో కూడా మరిచిపోకూడదు. అడవిలో కొత్తగా వచ్చిన మనిషికి ఊరివాళ్లు చెప్పకుండా వాగుల పేర్లు, గుట్టల పేర్లు తెలియవు. ఆ చెప్పినవాళ్ల పేర్లు ఇల్లందు కథలో మనకు వినబడవు. ఎందుకంటే రాసింది ఒక్కరే. మనవాళ్లు రాయలేదు. రాయడానికి బడి లేదు, లిపి లేదు. ఆ తప్పు వాళ్లది కాదు.

ఇప్పుడు మనకు బడి ఉంది, చేతిలో ఫోను ఉంది. చట్టం కూడా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదని 1/70 చట్టం చెబుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వకూడదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకునే దరఖాస్తులకు, ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసి ఇస్తే దాన్ని సాక్ష్యంగా చూస్తారు. రాసి ఇస్తేనే. మీ తాతకు ఫలానా వాగు దాకా మన పోడు ఉండేదని తెలుసు. అది కాగితం మీద లేకపోతే, ఆయనతోపాటే ఆ సాక్ష్యమూ పోతుంది.

అందుకని ఈ పండుగ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఊళ్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. గుట్టలు, వాగులు, చెరువులు, పాత గూడేలు, వేల్పుల గద్దెలు, పోడు చెక్కల పేర్లు కోయ భాషలో ఏమిటో అడిగి, తెలుగు లిపిలోనే రాసుకోండి. ఏ ఊరు ఎక్కడి నుంచి ఎక్కడికి మారింది, ఎందుకు మారింది, ఎవరు దగ్గరుండి మార్చారు అని అడగండి. చెప్పినవాళ్ల పేరు, ఇంటిపేరు, తేదీ తప్పకుండా రాయండి. చెప్పినదాన్ని ఫోనులో రికార్డు చేయండి. వీలైతే ఆ చోటుకు వెళ్లి మీ కళ్లతో చూసి రండి.

కింగ్ కూడా చేసింది ఇదే: నడవడం, చూడడం, అడగడం, రాయడం. ఆయన మన నేల కింద ఏముందో రాశాడు. నేల మీద ఎవరున్నారో రాసే పని మన కోసం మిగిలి ఉంది. మీరు రాసుకున్నవి మన సంఘానికి పంపితే, వచ్చే సంచికలో చెప్పినవాళ్ల పేరు ముందు పెట్టి, మీ పేరు తర్వాత పెట్టి అచ్చు వేద్దాం.

జై ఆదివాసీ.