ఏఎస్ రావు నగర్‌లో ఆ ‘ఏఎస్ రావు’ ఎవరు? అప్సర రియాక్టర్‌కు కంట్రోల్స్ చేసిన తెలుగు ఇంజినీర్ కథ ఇది

హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ మీదుగా రోజూ వేలమంది వెళ్తుంటారు. కానీ ఆ పేరు ఎవరిదంటే చాలామంది చెప్పలేరు. ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. దేశంలో ఎలక్ట్రానిక్స్‌కు పునాది వేసినవాళ్లలో ఒకరు.

మొగల్లు టు స్టాన్‌ఫర్డ్

1914లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టారు. బనారస్ హిందూ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికా వెళ్లి 1947లో స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ మాస్టర్స్ చేశారు. తొలి ట్రాన్సిస్టర్ పుట్టింది కూడా ఆ ఏడాది డిసెంబర్‌లోనే, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. దేశానికి తిరిగొచ్చాక రావు ముంబైలో హోమీ భాభా నడిపే టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

అసలు సవాల్ ఇదే..

1956 ఆగస్టు 4న ట్రాంబేలో ‘అప్సర’ అణు రియాక్టర్ స్టార్టయింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. కంట్రోల్ సిస్టమ్ మాత్రం రావు టీమ్ ఇక్కడే తయారుచేసింది.

రియాక్టర్ లోపల ఏం జరుగుతోందో చెప్పేది డిటెక్టర్. దాని సిగ్నల్ చాలా వీక్. పొడవాటి కేబుల్‌కు నేరుగా కలిపితే దారిలోనే పడిపోతుంది. రీడింగ్ తప్పితే ప్రమాదమే. అందుకే ఇలాంటి చోట్ల మధ్యలో ‘బఫర్’ సర్క్యూట్ పెడతారు.

అనంతపురం రైతుకు తెలిసిన లెక్కే!

అనంతపురం మెట్టలో సన్నగా పోసే బోరును చూడండి. నేరుగా డ్రిప్ లైన్లకు కలిపితే చివరి చెట్టుకు నీళ్లందవు. అందుకే రైతు ఆ నీళ్లను ముందు తొట్టిలోకి వదిలి, అక్కడి నుంచి ఇంకో మోటారుతో తోటకు పంపుతాడు. బఫర్ పని కూడా దాదాపు ఇంతే. సిగ్నల్ నుంచి చాలా కొంచెం కరెంటే తీసుకుంటుంది. లోడ్‌కు కావాల్సిన కరెంట్‌ను పవర్ సప్లై నుంచి ఇస్తుంది. వోల్టేజీని మాత్రం పెంచదు, దాదాపు ఉన్నదున్నట్టే పంపుతుంది.

వాల్వుల కాలంలో దీన్ని క్యాథోడ్ ఫాలోవర్ అనేవారు. ట్రాన్సిస్టర్‌తో చేస్తే ఎమిటర్ ఫాలోవర్. ఇంజినీరింగ్ స్టూడెంట్స్ ల్యాబ్‌లో కట్టేది ఇదే.

డిజైన్ సింపుల్. 9 వోల్టుల బ్యాటరీ అయితే ఎమిటర్ దగ్గర సగం, అంటే 4.5 వోల్టులు ఉండాలి. బేస్ దానికన్నా 0.7 ఎక్కువ, అంటే 5.2. దాన్ని రెండు రెసిస్టర్లతో సెట్ చేస్తారు. ఎమిటర్ కింద 1,000 ఓమ్స్ పెడితే 4.5 మిల్లీఆంపియర్ల కరెంట్ పారుతుంది. ట్రాన్సిస్టర్ కరెంట్ గెయిన్ 100 అయితే, ఆ 1,000 ఓమ్స్ సిగ్నల్‌కు దాదాపు లక్ష ఓమ్స్‌లా కనిపిస్తుంది. బేస్ దగ్గరి రెండు రెసిస్టర్ల వల్ల ఇది తగ్గుతుంది.

ల్యాబ్ నుంచి ఫ్యాక్టరీకి

1963లో దేశానికి ఎలక్ట్రానిక్స్ ప్లాన్ కోసం వేసిన భాభా కమిటీలో రావు సభ్యుడు. 1966లో భాభా విమాన ప్రమాదంలో చనిపోయారు. కానీ పని ఆగలేదు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నడిపించింది రావే. టీడీసీ-12 కంప్యూటర్, ఈసీ టీవీ అక్కడి నుంచే వచ్చాయి. ఇవాళ మనం ఓటేసే ఈవీఎంలు తయారుచేసే రెండు సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి.

1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ అందుకున్న రావు 2003లో కన్నుమూశారు. బయట కొనడం కాదు, ఇక్కడే డిజైన్ చేయాలన్నది ఆయన నడిచిన దారి. అప్సరకు కంట్రోల్స్ చేసినప్పుడు మొదలైన ఆ పని, ఇప్పుడు అనంతపురం పోలింగ్ బూత్ దాకా వచ్చింది.